ఉమ్మడి డబ్బా

మా ఇంట్లో మనుషులకంటే ఫోన్లు ఎక్కువ, ఫోన్లకంటే వాటిలోని ఫొటోలు ఎక్కువ. ఏదీ ఖాళీగా ఉండదు, వెతికినది ఎందులోనూ దొరకదు. మా ఆయనకు ఇదొక మనోవ్యాధి. ఆయన గోడౌను మేనేజరు. ఏ పెట్టె ఏ వరసలో, ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలరు. ఇంట్లో తన కళ్లజోడు ఎక్కడుందో మాత్రం నన్ను అడుగుతారు.

"అందరి సరుకూ ఒకచోట ఉండాలోయ్," అంటూ ఒకరోజు అట్టపెట్టె ఒకటి తెచ్చి హాల్లో విప్పారు. అందులోంచి చెప్పుల పెట్టెంత నల్లటి డబ్బా వచ్చింది. డబ్బాలో రెండు డిస్కులున్నాయి. దాన్ని ఇంటర్నెట్ పెట్టె పక్కన పెట్టి వైరు గుచ్చితే చాలట. ఇంట్లో ఎవరి ఫోనులోంచైనా, ఏ కంప్యూటరులోంచైనా అందులో దాచుకోవచ్చు, తీసుకోవచ్చు.

"అంటే ఉమ్మడి బీరువా అన్నమాట," అంది అత్తయ్య. అత్తయ్య హాల్లో మాట్లాడితే కింది వాటావాళ్లు 'మమ్మల్నేమైనా అన్నారా' అని తల బయటపెట్టి చూస్తారు. ఆవిడ గొంతు అంత ఖణీమని ఉంటుంది.

"అంతేనమ్మా."

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"తాళం లేదు. అందరిదీ."

"తాళం లేనిది బీరువా ఎలా అవుతుందిరా? దాన్ని బల్ల అంటారు."

మా ఆయన సాయం కోసం నావైపు చూశారు. నేను ఫ్యానువైపు చూశాను.

పేపరు చదువుకుంటున్న మావయ్య తలెత్తి, "బాగుంది, బాగుంది," అన్నారు. ఏది బాగుందో ఆయనకు బొత్తిగా తెలియదు. ఆ సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసని అప్పట్లో నా నమ్మకం.

మావయ్యది గడియారాల రిపేరు షాపు. మా ఇంటికెదురుగానే, రోడ్డుకవతల. ఒక షట్టరు, ఒక బల్ల, గోడలనిండా గడియారాలు. చేతి గడియారాలు ఎవరూ బాగుచేయించుకోని రోజులు కనుక, ఇప్పుడాయన దగ్గరికి వచ్చేవన్నీ గోడ గడియారాలే, లోలకం ఊగే పెద్దమనుషులు. వాటి జబ్బు చెవితోనే తెలుసుకోవాలి. లోలకం అటు వెళ్లినప్పుడొక టిక్కు, ఇటు వచ్చినప్పుడొక టిక్కు. రెంటి మధ్య ఎడం సమంగా ఉంటే గడియారం ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే కుంటుతున్నట్టు.

కొన్నాళ్ల క్రితం మావయ్య వంటింట్లోకి వచ్చి, ముందు అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, నువ్వు కాలేజీలో ఫిజిక్సు చదివావు కదూ? చప్పుడును కంటితో చూడొచ్చా?" అని అడిగారు.

"చూడొచ్చు మావయ్యా. ఎందుకూ?"

"ఊరికే. లోకజ్ఞానం."

డెబ్బై దాటిన మనిషికి ఉన్నట్టుండి లోకజ్ఞానం మీద మోజు పుడితే, దాని వెనకాల ఏదో ఉంటుంది. నేను అడగలేదు. పాలు ఎందుకు పొంగుతాయో చెప్పడానికి తప్ప అంతదాకా దేనికీ అక్కరకు రాని నా డిగ్రీకి ఇన్నాళ్లకొక గిరాకీ వచ్చిందని సంబరపడ్డాను. ఫోనులో గడియారం చప్పుడు రికార్డు చేసి, దాన్ని గీతలా చూపించే ప్రోగ్రాములో తెరిచాను. గీత మీద ఒక్కో టిక్కూ ఒక్కో ముల్లులా లేచి నిలబడింది. ముల్లుకీ ముల్లుకీ మధ్య దూరం కొలుచుకుంటే సరి.

మావయ్య ఆ తెరను చాలాసేపు చూశారు. "ఇది నేను వినేదే," అన్నారు మెల్లిగా. కాస్త ఆగి, "వినేవాణ్ణి," అని దిద్దుకున్నారు.

అప్పట్నుంచీ షాపుకొచ్చిన ప్రతి గడియారాన్నీ ఆయన అలా రికార్డు చేసుకుంటున్నారు. కంటితో విని, చేత్తో బాగుచేస్తున్నారు. నేను గుట్టుగా ఉన్నాను. కారణం మా ఆయన. అంతకుముందొకసారి మావయ్య రోడ్డు దాటుతుంటే వెనకాల వ్యాను హారను మోగించింది. ఈయన పెళ్లినడక మానలేదు. డ్రైవరు తల బయటపెట్టి నాలుగు మాటలన్నాడు. అదృష్టం కొద్దీ అవీ ఈయనకు వినపడలేదు. బాల్కనీలోంచి అంతా చూసిన మా ఆయన కిందికి పరిగెత్తారు.

"హారను వినపడలేదా నాన్నా?"

"వినపడింది. వాడికంత తొందరేమిటని నడిచాను."

"చూడు, చెవులు తగ్గాయని తెలిసిన రోజున షాపు మూసేద్దాం. ఇంకో మాట లేదు."

మా ఆయన ఒక మాట అన్నారంటే అది గోడౌను దాటిన సరుకే, వెనక్కి రాదు. మావయ్యకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. "షాపు లేకపోతే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలమ్మాయ్?" అని ఒకరోజు నన్నడిగారు, చేతులు రెండూ ముందుకు చాపి, నిజంగానే చోటు వెతుకుతున్నవాడిలా.

సరిగ్గా డబ్బా వచ్చే ముందు వీధి మలుపులో ఉన్న బేకరీ ఆవిడ తన గోడ గడియారం తెచ్చిచ్చింది.

"శుభ్రం చేసి నూనె వెయ్యండి బాబాయిగారూ. కుంటు మాత్రం ముట్టుకోకండి."

"బాగుచెయ్యొద్దంటావా?"

"దాని కుంటుతోనే నా చెయ్యి నడుస్తుంది. పొడుగు టిక్కుకి పిండిని ముందుకి తోస్తాను, పొట్టి టిక్కుకి వెనక్కి మడతేస్తాను. నా రొట్టెలు అలా పొంగినవే. దాన్ని మీరు తిన్నగా నడిపించారంటే నేను వంకరగా నడవాల్సొస్తుంది."

మావయ్యకు ఆ కోరిక ఎంత నచ్చిందో! ఏళ్ల తరబడి కుంట్లు తీసిన మనిషికి కుంటు కాపాడమని అడిగినవాళ్లు ఆవిడొక్కతే. గడియారం బేకరీ గోడ మీద ఉండగానే వెళ్లి దాని నడక రికార్డు చేసుకొచ్చారు. "విప్పామంటే ఈ కుంటు పోతుంది. మళ్లీ పెట్టాలంటే ఇదే కొలత. కాస్త ఎక్కువైతే గడియారం ఆగిపోతుంది, కాస్త తక్కువైతే ఆవిడ చెయ్యి ఒప్పుకోదు," అని నాకు చూపించి, ఆ తర్వాతే విప్పారు.

అలాంటి సమయంలో మా ఆయన అందరి ఫోన్లూ పట్టుకెళ్లి డబ్బాకి ముడివేశారు. ఫోనులోకి ఏది చేరితే అది తనంతట తానే డబ్బాలోకి వెళుతుందట. మావయ్య ఫోనులో ఉన్నవన్నీ టిక్కులే. అవి అందరి కళ్లముందూ పడకూడదు కదా అని, ఆయన చప్పుళ్లన్నీ ఒక ఫోల్డరులోకి వెళ్లేలా చేసి, దానికి 'మిక్సీ గ్యారంటీ కార్డులు' అని పేరు పెట్టాను. మిక్సీ కాలిపోతే తప్ప ఆ కార్డులు ఎవరూ చూడరు. అప్పటికి గ్యారంటీ ఎలాగూ తీరిపోయి ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గోడౌనువాళ్లకు సరుకు లెక్క చూసుకునే జబ్బొకటుంటుందని మర్చిపోయాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన మొహం వెలిగిపోతోంది.

"పొద్దున్న డబ్బా అంతా తనిఖీ చేశాను. డెడ్ స్టాకు ఎంతుందనుకున్నారు! మిక్సీ గ్యారంటీ అని ఒక ఫోల్డరు. తెరిస్తే అందులో మిక్సీ లేదు, గ్యారంటీ లేదు. అన్నీ టిక్కు టిక్కుమని చప్పుళ్లు. ఏదో ఫోను పిచ్చెక్కి దానంతటదే రికార్డు చేసుకున్నట్టుంది. మొత్తం ఎత్తి పారేశాను."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మావయ్య వైపు చూశాను. ఆయన కొడుకు మొహంలో వెలుగు చూసి, "మంచి పని చేశావురా," అన్నారు.

"చెత్తబుట్టలో ఉంటాయిగా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"చెత్తబుట్ట తీయించేశాను. పారేసిన సరుక్కి చోటెందుకు?"

"ఫోనులో ఉంటాయేమో?"

"అక్కడా పోతాయి. ఇక్కడేముంటే అక్కడా అదే. జోడునడక."

"మరి రెండో డిస్కులో నకలుంటుందన్నారుగా?"

"నకలంటే నకలేనోయ్! ఇందులో చెరిపితే అందులోనూ చెరిగిపోతుంది. ఎంత నమ్మకంగా పనిచేస్తోందనుకున్నావ్!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఇంట్లో ఆ పూట శంఖం ఊదినాయన ఊది, విననాయన మెచ్చుకుని, ఇద్దరూ చేతులు కడుక్కుని లేచారు. కుడితిలో పడ్డ ఎలుకలా మిగిలింది నేను.

మావయ్యకు ఎలా చెప్పాలా అని గిన్నెలు రెండుసార్లు తోమాను. నాకా శ్రమ లేకుండా ఆయనే వచ్చారు. ఆదివారం కనుక ఇంటికి తెచ్చుకున్న బేకరీ గడియారాన్ని బాల్కనీలో బిగించడం అయిపోయింది. ఇక కుంటు పెట్టాలి. ఆయన నా చెవి దగ్గరికి వంగి, చాలా రహస్యంగా, "అమ్మాయ్! మన టిక్కులు కనపడటం లేదు!" అన్నారు.

వినపడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో ఏం తెలుస్తుంది? ఆ రహస్యం వంటిల్లు దాటి, హాలు దాటి, వాలుకుర్చీలో కునుకుతున్న మా ఆయన్ని లేపింది.

"మన టిక్కులేమిటి?" అంటూ ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"అదీ... కేకు కాల్చేటప్పుడు టైము చూసుకోడానికని నేనూ మావయ్యా..." అని మొదలుపెట్టాను. మా ఇంట్లో కేకు కాలిన దాఖలా లేదు.

"చాల్లే అమ్మాయ్," అన్నారు మావయ్య. ఫోను గట్టు మీద పెట్టారు. "నాకు వినపడదురా. చాలా రోజులైంది. గడియారాల చప్పుడు ఇందులో చూసుకుని పని చేసుకుంటున్నాను. నీకు చెబితే షాపు మూయిస్తావని చెప్పలేదు. అమ్మాయిని ఏమీ అనకు. మూయించుదువుగాని, బేకరీ ఆవిడ టిక్కు ఏమైందో ముందది చెప్పు."

మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. కుట్టిన తేలూ ఆయనే, దొంగా ఆయనే. ఇంతలో అత్తయ్య వచ్చింది.

"కొత్తగా విన్నట్టు ఆ మొహమేమిట్రా?"

"నీకు తెలుసా అమ్మా?"

"కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియకపోతే ఎదురింటి వాళ్లకి తెలుస్తుందా?"

మావయ్య మా ముగ్గురి పెదాలవైపు మార్చి మార్చి చూస్తున్నారు. మా ఆయన వెళ్లి డబ్బా పక్కన సోఫాలో కూలబడ్డారు. "అంటే తెలియనిది నాకొక్కడికే," అన్నారు. అందరిదీ అందరికీ అందాలని డబ్బా కొనుక్కొచ్చిన మనిషి. నాకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే జాలీ వేసింది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీరు మూసేస్తానన్నారని చెప్పలేదండీ."

"అన్నాను. అది వ్యాను కింద పడతాడన్న భయంతో అన్నాను. అంతేగానీ..."

మావయ్య గడియారం ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టారు. "దీన్ని కుంటు లేకుండా ఇవ్వను. ఇది ఇచ్చి షట్టరు దించేస్తాను. సరేనా?"

"ఎలా ఇస్తావు నాన్నా? కొలత నేనే పారేశాను." మాట చప్పుడు కంటే ఆయన చేతులు చెప్పిందే ఎక్కువ. మావయ్యకు అర్థమైంది. ఒక్క కసురు కసరలేదు. కసిరినా బాగుండేది.

అత్తయ్యే అందుకుంది. "గడియారం పోతే పోయింది. ఆవిడ చేతులెక్కడికీ పోలేదుగా? ఇన్నేళ్లు ఆ కుంటుకే పిండి పిసికింది. వెళ్లి ఆ చేతుల దగ్గర కొలుచుకోండి."

మర్నాడు పొద్దున్నే నలుగురం గడియారం మోసుకుంటూ బేకరీకి వెళ్లాం. మా ఆయన సెలవు పెట్టారు. పిండి బల్ల దగ్గరున్న ఆవిడ మమ్మల్ని చూసి హడలిపోయింది.

"ఏమిటి బాబాయిగారూ, అందరూ కట్టగట్టుకుని వచ్చారు? నిన్నటి రొట్టెలో ఏమైనా వచ్చిందా?"

మావయ్య సంగతి చెప్పారు. తన చెవుల సంగతి కూడా దాచలేదు. ఆవిడ, "గడియారం లేక నాకే తడబాటుగా ఉంది. చూద్దాం," అని పిండి ముందుకు లాక్కుంది. మా ఆయన ఫోను బల్ల మీద పెట్టి, తాను ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

ఫొటోకి నవ్వమంటే ఎలా నవ్వుతామో ఆవిడ అలా పిసికింది. తెర మీద ముళ్లు ఒకటి ఇక్కడ, ఒకటి ఎక్కడో. మళ్లీ పిసికింది. ఈసారి అన్నీ వరసగా, సమంగా, బడిపిల్లల్లా నిలబడ్డాయి.

"ఇంతమంది నా చేతులకేసి చూస్తుంటే అవి నావి కానట్టున్నాయండీ," అంది పాపం.

అత్తయ్య స్టూలు ఒకటి లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది. "ఫోనులో నా గొంతు పడకూడదు, అంతేనా?" అని నన్నడిగి, ఆవిడవైపు తిరిగింది.

"మీ మేడ మీదాయన నడిచే మిషను కొన్నాడట, నిజమేనా అమ్మా?"

నేను ఉలిక్కిపడి చూశాను. ఆ గొంతు అత్తయ్యది కాదు. మెత్తగా, పక్కవాళ్లకి మాత్రమే అందేంత సన్నగా ఉంది.

"కొన్నాడు పిన్నిగారూ. ఒక్కరోజు నడిచాడు."

"తర్వాత?"

"తర్వాత దాని మీద బట్టలారేస్తున్నాడు. మొన్న ఏ మీట నొక్కాడో, పంట్లాము ఒకటే నడుచుకుంటూ వెళ్లి గోడకి కొట్టుకుందట!"

"పోనీలే, ఇంట్లో ఒక్కరికైనా వ్యాయామం అయింది."

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూ పిండిని తోసింది, మడతేసింది, తోసింది, మడతేసింది. చేతుల సంగతి ఆవిడ మర్చిపోయింది. చేతులు మాత్రం తమ పని మర్చిపోలేదు. మాటలూ నవ్వులూ తెర అడుగున సన్నగా నలిగాయి, వాటి పైకి బల్ల మీది దెబ్బలు లేచాయి, పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. ముళ్లు ఒకదాని వెనక ఒకటి కుంటుకుంటూ వచ్చాయి.

నేను మావయ్యకు తెర చూపించాను. ఆయన దాన్ని చూస్తున్నారు. మా ఆయన మాత్రం తెర చూడటం లేదు, వాళ్లమ్మను చూస్తున్నారు.

"చిన్నప్పుడు అమ్మ ఇలాగే మాట్లాడేది," అన్నారు నా చెవిలో. "ఎప్పుడు మారిందో గమనించనే లేదు."

నేనైతే ఆ గొంతు వినడం అదే మొదలు. కాపురానికొచ్చిన కొత్తలో, నా వంట నచ్చక అరుస్తోందని గదిలోకి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి. ఆవిడ అరుపు నామీద కాదు. మావయ్యకు అందేదాకా, ఆయనకు వినికిడి తక్కువైందని ఎవరికీ తెలియకుండా, ఏడాదికింత చొప్పున పెంచుకుంటూ వచ్చిన గొంతది.

మావయ్య గడియారాన్ని పాత మేకుకే తగిలించారు. వెనకవైపు లోలకాన్ని తోసే సన్నటి కాడ ఒకటుంటుంది. దాన్ని వేలితో ఒక పిసరు వంచి, నడిపించి, "పట్టు," అన్నారు. ఎవరు పట్టాలో చెప్పలేదు. మా ఆయన ఫోను తీసుకెళ్లి గడియారానికి ఆనించి పట్టుకున్నారు. పిండి గీత పైన, గడియారం గీత కింద. ముళ్లు కలవలేదు. ఇంకో పిసరు వంచారు. గడియారం ఆగిపోయింది. మావయ్య దాన్ని పసిపాపను బుజ్జగించినట్టు మళ్లీ నడిపించారు.

"కొంచెం ఇటు నాన్నా," అని మా ఆయన వేలితో చూపించారు.

"తొందరపడకు. ఇది పెట్టెలు సర్దడం కాదు."

"తెలుస్తోంది."

అలా తండ్రీ కొడుకులు ఒక ఫోను మీదికి వంగి, తలలు రెండూ దాదాపు తగిలేలా ఎంతసేపున్నారో. రొట్టెలకొచ్చినవాళ్లు గుమ్మంలో ఆగి, చూసి, గొడవ చేయకుండా నిలబడ్డారు. చివరికి పై ముల్లు కింద కింది ముల్లు వచ్చి నిలిచింది. దాని పక్కది కూడా.

బేకరీ ఆవిడ కళ్లు మూసుకుని పిండిని ఒక్క తోపు తోసింది. మడతేసింది. మళ్లీ తోసింది. భుజాలు కిందికి దిగాయి. "ఇదే," అంది, కళ్లు తెరవకుండానే.

మావయ్య ఆవిడ భుజాలు చూశారు. ఆయనకు ఆ మాట వినపడాల్సిన పని లేకపోయింది. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకుంటూ, కొడుకువైపు చూడకుండా, "సరే, పద. షట్టరు దించుదాం," అన్నారు.

మా ఆయన వినపడనట్టు నడిచారు. ఆ విద్య వాళ్ల వంశంలోనే ఉంది. తిన్నగా షాపు ముందుకెళ్లి, షట్టరు పైకెత్తి, లోపలికెళ్లి, గోడలు, అరలు, ప్లగ్గులు అన్నీ సరుకు దింపుకునే ముందు చూసినట్టు చూశారు. తర్వాత మావయ్య ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా పెదాలతో స్పష్టంగా చెప్పారు.

"నాన్నా, నిన్న నేను నేర్చుకున్నదొకటుంది. డబ్బా ఒక్కటుంటే చాలదు. దాంట్లో ఉన్నదానికి ఇంకో నకలు వేరే చోట, ఇంటి బయట ఉండాలి. అది రోజూ ఎవరో ఒకరు తెరిచి, చూసుకునే చోటై ఉండాలి. నా దగ్గర అలాంటి చోటు ఇదొక్కటే. ఇది మూసేస్తే నా సరుకు ఎక్కడ పెట్టుకోను?"

మావయ్య నావైపు చూశారు, తాను సరిగ్గానే చదివానా అని. నేను తలూపాను.

"చెవుల డాక్టరు దగ్గరికి మాత్రం వస్తావు. రోడ్డు పొద్దున్న నేను దాటిస్తాను, సాయంత్రం అమ్మ దాటిస్తుంది. ఇందులో ఇంకో మాట లేదు."

"మీ అమ్మ దాటిస్తే వ్యాన్లే ఆగిపోతాయిరా," అన్నారు మావయ్య.

"ఆగకపోతే నాలుగు తగిలిస్తాను," అంది అత్తయ్య. మళ్లీ పాత గొంతుతోనే.

ఆ వారంలోనే మా ఆయన చిన్న డబ్బా ఇంకొకటి తెచ్చారు. ఫోనులో పాత డబ్బా తెరిచి చూస్తే, మా అందరి పేర్ల పైన మొదటి ఫోల్డరు 'నాన్న షాపు'. అందులో అప్పటికే రెండు రికార్డులు చేరాయి, పిండిదొకటి, గడియారానిదొకటి. వాటిని చెరపడానికి అధికారం ఇంటి పెద్ద మావయ్యకు తప్ప ఎవరికీ లేదట, తనకు కూడా.

మావయ్య షాపులో ఒక అర ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి, కొత్త డబ్బాను తానే పెట్టారు. వైరు గుచ్చగానే దాని మీద చిన్న దీపం వెలిగింది. ఆయన అలవాటు కొద్దీ దానికి చెవి ఆనించి, కాసేపు అలాగే ఉండి, "ఏమీ వినపడటం లేదురా," అన్నారు.

"అది చప్పుడు చెయ్యదు నాన్నా. చప్పుడు చేసిందంటే జబ్బు చేసినట్టు."

మావయ్య దాన్ని గోడమీది గడియారాలన్నిటికీ చూపిస్తున్నట్టు ఒకసారి తట్టి, పనిబల్ల దగ్గర కూర్చుని, తర్వాతి గడియారం వెనక తలుపు తెరిచారు.